అరవై దాటిన వాసన

తేలుపాలెం పురసభ, న్యూసెన్సు విభాగం రోజుచిట్టా. రాసేది ఇన్‌స్పెక్టరు కోటిలింగం.

ఫిబ్రవరి 27

పొద్దున్నే గొలుసులు చూశాను. ఊరంతా నీళ్ళమీదే, మొత్తం మూడువందల పది తెప్పలు. నాలుగో వరుసలో ఒక ఇంటి తెప్ప పోటుకి నాలుగడుగులు జరిగి, పక్కింటివాళ్ళ స్నానాలగది కిటికీకి ఎదురుగా ఆగింది. వెనక్కి లాగించి లంగరు బిగించాను. రెండిళ్ళవాళ్ళూ నాతో బాగానే మాట్లాడారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాత ముక్కుకంబాలు తుడిచాను. వార్డుకొకటి చొప్పున తొమ్మిది ఉన్నాయి. కంబం తలమీద కొబ్బరికాయంత డబ్బా, దాని కింద అంకె. వాసన ఎంత ఘాటుగా ఉందో సున్నా నుంచి నూరు దాకా చూపిస్తుంది. ఉప్పుగాలికి డబ్బామీద పొర కడుతుంది, రోజూ తుడవకపోతే అబద్ధాలు చెబుతుంది.

నాకు పన్నెండో ఏట వచ్చిన జ్వరంలో వాసన పోయింది. ముక్కు ఉంది, ఊపిరికి పనికొస్తోంది, అంతే. ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పాను. అధ్యక్షురాలు హైమావతి గారు నవ్వి, "ఇంతకంటే పక్షపాతం లేనివాడు మనకెక్కడ దొరుకుతాడండీ" అని సంతకం పెట్టేశారు. ఊళ్ళో నన్ను న్యూసెన్సు లింగం అంటారు. నాకేమీ బాధ లేదు.

పదింటికి పట్టాభి గారు వచ్చారు. మూడో వార్డు సభ్యుడు. తూర్పు అంచున, సముద్రానికి ఎదురుగా ఉన్న పెళ్ళిమంటపం తెప్ప ఆయనదే. మంచి కోపంమీద ఉన్నారు.

"ఏవండీ లింగం గారూ, నిన్న మెట్ట ఊళ్ళ నించి పెళ్ళివారొచ్చారండీ. సరిగ్గా తాళి కట్టే వేళకి గాలి లేచింది. పెళ్ళికొడుకు మేనమామ లేచి నిలబడి ఏమన్నాడో తెలుసాండీ? 'ఇక్కడేదో చచ్చింది' అన్నాడండీ! పెళ్ళిపందిట్లో!"

"ఏం చచ్చిందండీ?"

"చేపలండీ, చేపలు! మరిడమ్మ ఎండబెట్టే చేపలు!"

ఫిర్యాదు రాసుకున్నాను.

మార్చి 1

ఉత్తరపు వరుసకి వెళ్ళాను. అక్కడ పదహారు కుటుంబాలు పదిహేడు తెప్పలమీద చేపలు ఎండబెడతాయి. తెప్పలమీద వరసగా వలతెర మంచాలు, వాటినిండా నెత్తళ్ళు. ఎండకి మెరిసిపోతున్నాయి. మరిడమ్మ గారికి అరవై నాలుగేళ్ళు. నన్ను చూసి కూడా చేపలు తిరగెయ్యడం ఆపలేదు.

"ఏటి బాబూ, నోటీసు తెచ్చావా? ఊరికే సూసి పోదారని వచ్చావా?"

"పెళ్ళిమంటపం నుంచి ఫిర్యాదు వచ్చింది, మరిడమ్మ గారూ. వాసన వస్తోందట."

"ఓలమ్మ! ఆ పెల్లిలో వంకాయ రొయ్యపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకున్నారంట. ఆ రొయ్యపొట్టు ఎవులిదనుకున్నారు? తినడానికి పనికొచ్చింది, వాసనకి పనికిరాలేదా?"

నేను నవ్వాపుకుని పుస్తకం తీశాను. ఫారంలో 'వాసన వివరం' అని ఒక గడి ఉంటుంది. అది మాత్రం నా అంతట నేను నింపలేను. అందుకని ఎప్పుడూ అడుగుతాను.

"ఇది ఎలాంటి వాసనో చెప్పగలరా? నాకు తెలీదు."

ఆవిడ అప్పుడు చేపలు వదిలేసి, తెప్ప అంచున కూర్చుని చేతులు నీళ్ళలో కడుక్కుంది.

"ఎండెక్కిన ఇసకలాగుంటాది బాబూ. నేలమీదున్నప్పుడు మాయమ్మ ఇసకలోనే ఆరబోసీది. మజ్జానం ఆవిడ పక్కన తొంగుంటే సీరకి ఈ వాసనే. ఇప్పుడు ఇసకే లేదు గందా. మా మనవలకి సెప్తే, ఇసకంటే ఏటి మామ్మా అనడుగుతారు."

గడిలో అలాగే రాశాను.

మార్చి 5

పురసభ సమావేశం. తొమ్మిదిమంది సభ్యులూ వచ్చారు. పట్టాభి గారు వాసనల ఉపచట్టం ప్రతిపాదించారు. ఏ తెప్ప వల్లనైనా ముక్కుకంబం వరసగా మూడు రోజులు అరవై దాటితే, ఆ తెప్పని ఊళ్ళోంచి తీసి బయటి గొలుసుకి కట్టాలి. బయటి గొలుసు అంటే రాళ్ళకట్టకి అవతల. ఇప్పటిదాకా అక్కడ చెత్తపడవలు తప్ప ఏమీ కట్టలేదు.

ఆరో వార్డు మస్తాన్ గారు లేచారు. ఊరి తెప్పలన్నిటినీ ఇటూ అటూ లాగే పడవ ఆయనదే. మాట తక్కువ మనిషి.

"అరవయ్యే ఎందుకండీ? యాభై ఎందుక్కాదు? డెబ్బై ఎందుక్కాదు?"

పట్టాభి గారు కొంచెం తడబడ్డారు. "అరవై వస్తే ఫస్టు క్లాసు కదండీ" అన్నారు.

సభంతా నవ్వింది. మస్తాన్ గారు నవ్వలేదు.

"రాళ్ళకట్ట అవతల కెరటం ఎలా ఉంటుందో నాకు తెలుసండీ. అక్కడ తుంపరకి చేప ఎండదు. మే నెలలో తెప్ప నిలవదు. పంపిస్తామంటే, వాళ్ళ పని మాన్పించేస్తున్నామని చెప్పి పంపించండి. జోను మారుస్తున్నాం అని చెప్పకండి."

"ఎవరి పనీ మాన్పించట్లేదండీ. చోటు మారుస్తున్నాం, అంతే. మా మంటపంలో పదహారుమంది పని చేస్తున్నారు. పెళ్ళిళ్ళు రాకపోతే వాళ్ళేం తింటారండీ?"

అదీ నిజమే. రెండు గంటలు మాట్లాడుకున్నారు. హైమావతి గారు ఓటు పెట్టారు. ఆరుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. ఉపచట్టం నెగ్గింది.

మార్చి 9

ఉత్తరపు వరుస కంబం మూడు రోజులుగా డెబ్బై నాలుగు చూపిస్తోంది. నోటీసులు పట్టుకెళ్ళాను. వారం గడువు. మొదట రెండు తెప్పలు, తర్వాత మిగిలినవి. మొదటి రెండూ మరిడమ్మ గారివే.

అరవడమో, ఏడవడమో జరుగుతుందని మనసు రాయి చేసుకుని వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. రెండోసారి కూడా చదివింది.

"దీన్లో సేప అన్నమాట ఎక్కడా లేదేటి బాబూ?"

"లేదండీ. 'ఏ వాసన అయినా' అని ఉంది."

"ఏ వాసనయినానా?"

"ఆయ్. ఏదైనా."

ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "అయితే ఫిర్యాదు కాయితం ఒకటి ఇలాగియ్యి. నాక్కూడా పక్కోల్లున్నారు."

పెళ్ళిమంటపం వంటశాల మీద రాసింది. తొమ్మిదివందల మందికి పులిహోర పోపు. మధ్యాహ్నం వెళ్ళి మూడో వార్డు కంబం చూశాను. డెబ్బై రెండు.

మార్చి 14

ఈ అయిదు రోజుల్లో నూటనలభై మూడు ఫిర్యాదులు.

మరిడమ్మ ఫిర్యాదు పెట్టిందన్న మాట పొక్కేసరికి ఊరు ఊరంతా ఫారాలకి ఎగబడింది. బాతుల తెప్ప మీద పదకొండు. కాఫీగింజలు వేయించే తెప్ప మీద తొమ్మిది. మల్లెపూల తెప్ప మీద కూడా రెండు వచ్చాయి, తలనొప్పట. ఆవకాయ పెట్టే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఆవాలు దంచిన ప్రతి ఇంటిమీదా ఒకటి. ఫారాలు అయిపోతే పాత వానాకాలం ఫారాల వెనక రాయించుకున్నాను.

కంబాల దగ్గరికి తిరిగి తిరిగి కాళ్ళు వాచాయి. మూడు రోజుల లెక్క తీస్తే తొమ్మిది వార్డుల్లో ఏడు అరవై దాటాయి. పటం తీసుకుని హైమావతి గారింటికి వెళ్ళాను. ఆవిడ వసారాలో కూర్చుని కూర తరుగుతోంది. ఉపచట్టం ప్రకారం బయటికి పోవాల్సిన తెప్పలకి ఎర్రచుక్క పెట్టాను. ఆవిడ పటాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది.

"ఎన్నండీ ఇవి?"

"రెండువందల అరవై ఒకటండీ."

"అంటే ఊరంతా ఊరి బయటికి పోతుందా?"

"ఆయ్."

"మరి ఊళ్ళో ఎవరుంటారు?"

"బడి తెప్ప, లైబ్రరీ తెప్ప, ఆసుపత్రి, మా ఇల్లూ, ఇంకో నలభై అయిదు."

"మా ఇల్లో?"

నేను ఆవిడ తరుగుతున్న కూరకేసి చూశాను. ముల్లంగి. ఆవిడకి అర్థమైంది. ఇంటికి చుక్క ఉందో లేదో మళ్ళీ అడగలేదు.

"ఇరవయ్యేడున సమావేశం పెడదాం. అందాకా కొత్త నోటీసులేవీ ఇవ్వకండి. ఇచ్చినవి మాత్రం ఇచ్చినట్టే. మరిడమ్మకొక్కదానికి వెనక్కి తీసుకుంటే పట్టాభి ఊరుకోడు."

నేను అప్పుడు కాదనాల్సింది. తల ఊపి వచ్చేశాను.

మార్చి 16

గడువు అయింది. మస్తాన్ గారి పడవ మరిడమ్మ గారి రెండు తెప్పలనీ రాళ్ళకట్ట అవతలికి లాగింది. బయటి గొలుసు కొక్కేలు తుప్పు పట్టి ఉన్నాయి. పట్టుకి బాగానే ఉన్నాయనిపించింది. నేనే కట్టి, నేనే సంతకం పెట్టాను.

మార్చి 18

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

మధ్యాహ్నం ఒంటిగంటకి దక్షిణం నుంచి పెద్ద కెరటాలు మొదలయ్యాయి. ఆకాశం తెల్లగా, నిర్మలంగానే ఉంది. ఎక్కడో దూరంలో లేచిన తుఫాను కెరటాలు, గాలికంటే ముందు వచ్చినవి. మరిడమ్మ కోడలు ధనకుమారి బయటి తెప్పమీద ఒక్కతే చేపలు ఎత్తుతోంది. నేను రాళ్ళకట్ట మీద నిలబడి, లోపలికి వచ్చెయ్యమని చెయ్యి ఊపుతున్నాను.

మూడో కెరటానికి కొక్కెం విరిగింది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తోంది. రెండు తెప్పలూ ఒకదానికొకటి కొట్టుకుని, ఒకటి తిరగబడింది. ధనకుమారి నీళ్ళలో పడింది. ఈత వచ్చిన మనిషే గానీ, వలతెర కాళ్ళకి చుట్టుకుంది.

మస్తాన్ గారి పడవ పడమటి వైపున ఉంది. అది వచ్చేసరికి పావుగంట. దగ్గరలో ఉన్నది పెళ్ళిమంటపం ఒక్కటే. అక్కణ్ణించి పట్టాభి గారి గొంతు వినిపించింది. "పందిరి తాళ్ళు కొయ్యండ్రా! అన్నీ కొయ్యండి!" వంటవాళ్ళు షామియానా తాళ్ళు కోసి, ఒకదానికొకటి ముడేసి, కొసకి రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టారు. మంటపానికి చిన్న యంత్రం ఉంది, దానితో తెప్పని అటూ ఇటూ జరుపుతారు. పట్టాభి గారు లంగరు ఎత్తించి, మంటపం మంటపాన్నే రాళ్ళకట్ట సందులోకి నడిపించారు. మూలనున్న రెండు స్తంభాలు రాళ్ళకి గీసుకుని విరిగాయి. పందిరి గుడ్డ నీళ్ళలోకి జారిపోయింది. ఆయన ఆగలేదు.

మూడోసారి విసిరిన డబ్బా ధనకుమారి చేతికి అందింది. పదహారుమందీ కలిసి లాగారు. నేను కట్టమీద నుంచి దూకి, చివర్లో కాలికి చుట్టుకున్న తెరని కత్తితో కోశాను. రాయడానికి నేను చేసింది అదొక్కటే.

రెండు తెప్పలూ పోయాయి. నాలుగు మంచాల చేప పోయింది. మనిషి దక్కింది.

మరిడమ్మ గారు వచ్చేసరికి ధనకుమారి మంటపంలో కూర్చుని, అల్లంటీ తాగుతోంది. తడిబట్టలు మార్చడానికి అక్కడేమీ లేకపోతే, పెళ్ళికూతుళ్ళకి ఫొటోల కోసం పెట్టిన పట్టుచీర ఇచ్చారు. ఎర్రచీర, జరీ అంచు. అత్తగారు గుమ్మంలోనే ఆగి, పైనుంచి కిందకి చూసింది.

"ఏటే, ఇంకో పెల్లి సేసుకుంటన్నావా?"

ధనకుమారి నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. అప్పుడు మరిడమ్మ గారు వెళ్ళి ఆ పిల్ల తలని తన పొట్టకి హత్తుకుంది.

నేను వెళ్ళి చెప్పాను. "కొక్కేలు తుప్పు పట్టి ఉన్నాయని చూశానండీ. అయినా కట్టాను. తప్పు నాది."

మరిడమ్మ గారు నావైపు చూసింది. "నీదే బాబూ" అంది. ఆగి, "తెర కోసింది కూడా నువ్వే గందా. కూకో" అంది.

కూర్చున్నాను. పట్టాభి గారు విరిగిన స్తంభం ముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డారు, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు.

"మరిడమ్మ గారూ, వాసన సంగతి నా మాట నేను మార్చనండీ. ఆ వాసన నాకు పడదు. కానీ ఊరి బయటికి మాత్రం ఎవర్నీ పంపించనండి. నేనుండగా పంపించనివ్వను."

"మరేటి సేద్దారంటావు?"

"నాకు తెలీదండీ."

"నాకు తెలుసు" అంది ఆవిడ.

మార్చి 19

మరిడమ్మ గారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"వాసనకి ఇల్లుండదు బాబూ. గాలి ఎటు తీసుకెల్తే అటెల్తాది. పొద్దున్న గాలి నేలమీంచి వస్తాది, పడమటి నించి. పదకొండు దాటితే సముద్రం మీంచి వస్తాది. మాయమ్మ ఇసకలో పొద్దున్నొక కాడ, మజ్జానమొక కాడ ఆరబోసీది, ఊల్లోకి వాసనెల్లకుండా. ఇక్కడికొచ్చాక మమ్మల్నొకే కాడ గొలుసేసి కట్టేశారు. ముప్పై ఎనిమిదేళ్ళ నించి పొద్దున్న తూరుపోల్లకి, మజ్జానం పడమటోల్లకి వాసన. పొద్దున్న మమ్మల్ని తూరుపు అంచుకి లాగండి. మజ్జానం మడచెట్ల వైపుకి లాగండి. అప్పుడు వాసన సముద్రానికో, పీతలకో పోతాది."

పట్టాభి గారికి ఒక్కటే అర్థం కాలేదు. "తూర్పు అంచు అంటే మా మంటపం పక్కనే కదండీ! దూరంగా ఉంటే వచ్చిన వాసన, దగ్గరికొస్తే రాదా?"

"నీ ఎనకాలుంటాను. గాలి నీ మీంచి నా మీదకొస్తాది. నీ పులిహోర వాసన నేను పీల్చుకోవాల."

మస్తాన్ గారు మీసం దువ్వుకున్నారు. మంచినీళ్ళ పీపాల కోసం ఆయన పడవ ఎలాగూ రోజుకి రెండుసార్లు ఊరు చుట్టి వస్తుంది. "తోకకి కట్టుకుపోతాను" అన్నారు. ఈ నెలలో ఆయన నోటి నుంచి నేను విన్న అత్యంత సంతోషకరమైన వాక్యం అది.

మార్చి 24

నాలుగు రోజులుగా ప్రయత్నం జరుగుతోంది. ఏడింటికి పదిహేను తెప్పలూ గొలుసుకట్టుగా మస్తాన్ గారి పడవ వెనక తూర్పుకి పోతాయి. పదకొండున్నరకి ఊరి ఉత్తరం చుట్టి మడచెట్ల వైపు పోతాయి. పిల్లలు బడి తెప్ప కిటికీల్లోంచి 'చేపల రైలు' అని అరుస్తారు. వాళ్ళెవరూ రైలు చూడలేదు. ధనకుమారి ముందు తెప్పమీద నిలబడి గడవేస్తుంది. పోయిన రెండు తెప్పలకి బదులు పట్టాభి గారు మంటపం పలకలిచ్చారు, వడ్రంగులు పనిలో ఉన్నారు.

మూడో వార్డు కంబం డెబ్బై రెండు నుంచి ఇరవై రెండుకి దిగింది. డబ్బా మూడుసార్లు తుడిచి చూశాను. ఇరవై రెండే.

కానీ ఈ మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. తెప్పలు మడ వైపు పోతూ దారిలో అయిదో వార్డు దగ్గర ఉన్నాయి. అక్కడి కంబం ఎనభై ఎనిమిది చూపించింది. అయిదో వార్డు మొత్తం వసారాల్లోకి వచ్చి అరవడం మొదలెట్టింది. పట్టాభి గారు వాళ్ళకంటే గట్టిగా అరిచారు, అలవాటు కొద్దీ.

మార్చి 27

సమావేశం. చూడ్డానికి వచ్చిన గుంపు చూసి హైమావతి గారు సభని ఆరుబయట, పురసభ తెప్ప వసారాలో పెట్టారు. చుట్టూ పడవల్లో జనం.

పాత ఉపచట్టం తీసేసి గాలి ఉపచట్టం పెట్టాలని ప్రతిపాదన. ప్రతిపాదించింది పట్టాభి గారు. బలపరిచింది మస్తాన్ గారు. వాళ్ళిద్దరూ ఒకే వైపున ఉండడం చూసి సభలో చాలామందికి అనుమానం వచ్చింది.

తొలుత నలుగురు అటు, నలుగురు ఇటు తేలారు. రోజూ తెప్పలు లాగడం వల్ల మా పడవలకి దారి ఉండదని కొందరు, గాలి లేని రోజు సంగతేమిటని కొందరు. అయిదో వార్డు సభ్యురాలు కల్పవల్లి గారు ఎటూ చెప్పలేదు. "ఇన్నేళ్ళుగా ఆ వాసన భరిస్తున్నాం. ఇంకా ఎందుకు భరించాలో ఎవరైనా చెప్పండి" అంది.

హైమావతి గారు నాకేసి తిరిగింది. "ఇన్‌స్పెక్టరు గారూ, కంబాలేం చెబుతున్నాయి?"

అంకెలు చదివాను. ఎవరికీ పట్టలేదు. అప్పుడు నాకేమనిపించిందో, ఫిర్యాదుల కట్ట విప్పాను.

"నాకు వాసన తెలీదని మీ అందరికీ తెలుసు. అందుకని ప్రతివాళ్ళనీ అడిగి రాసుకున్నాను. పేర్లు చెప్పను. నాలుగు మాత్రం చదువుతాను." కాగితాలు బల్లమీద పెట్టి చదివాను.

"ఆవకాయ మీద ఫిర్యాదు. వాసన వివరం: 'ఘాటు. రెండేళ్ళుగా మాకు జాడీ పంపట్లేదు.'"

పడవల్లో ఎవరో పకపకా నవ్వారు.

"సాంబ్రాణి మీద. 'మా ఆయన పోయిన రోజు గుర్తొస్తుంది. మానెయ్యమని కాదు, కొంచెం తక్కువ వెయ్యమనండి.'"

నవ్వు ఆగిపోయింది.

"కాఫీగింజల మీద. 'ఉద్యోగం మానేశాక పొద్దున్నే లేవక్కర్లేదు, కానీ ఈ వాసనకి లేస్తాను. లేచి ఏం చెయ్యాలో తెలీదు.' ఇక ఎండుచేపల మీద, అయిదో వార్డు నుంచి. 'ఆకలేస్తుంది. డాక్టరు ఉప్పు తినొద్దన్నాడు. నా ఎదురుగా ఎండబెట్టొద్దు.'"

ఈసారి నవ్వు పడవలన్నిటినీ ఊపింది. కల్పవల్లి గారి మొహం ఎర్రబడింది. నేను పేరు చెప్పలేదు, చెప్పను. కానీ ఆవిడ భర్త ఆవిడ వెనకాలే కూర్చుని నీళ్ళకేసి తదేకంగా చూస్తున్నాడు.

"నూటనలభై మూడిట్లో, పొరుగువాళ్ళని ఊళ్ళోంచి పంపెయ్యమని అడిగినవి ఆరు" అన్నాను. "మిగిలినవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి ఒకసారి అడగాలనుకున్నారు, అంతేనండీ." కట్ట మళ్ళీ కట్టేసి కూర్చున్నాను.

కల్పవల్లి గారు గొంతు సవరించుకుంది. "సరే, ఒప్పుకుంటాను. కానీ గాలి ఆగిన రోజు ఎప్పుడూ మా వార్డే బలవ్వడం కుదరదు."

"అవునండీ," అన్నారు పట్టాభి గారు, "గాలి లేని రోజు వంతులేసుకుందాం. తొమ్మిది వార్డులూ. చీటీలు తీద్దాం. మా వార్డు కూడా."

"పురసభ తెప్ప పదోది" అన్నారు మస్తాన్ గారు. "దాన్ని వదలడానికి వీల్లేదు."

హైమావతి గారు ఎదురుగా ఉన్న జనాన్ని చూసి, "దాన్నీ రాసుకోండి" అంది.

ఓటు. అయిదు, నాలుగు. నెగ్గింది. మరిడమ్మ గారు పడవలో లేచి నిలబడింది. చప్పట్లు కొట్టబోతోందనుకున్నాను. కొంగులోంచి పొట్లం తీసి, కల్పవల్లి గారి చేతిలో పెట్టి, "ఉప్పు తక్కువేసినవి" అని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 2

పొద్దున్నుంచి గాలి లేదు. గాలి ఉపచట్టం కింద ఇది మొదటి గాలి లేని రోజు. ఎనిమిదింటికి బడి తెప్పమీద జనం ఎదుట చీటీ తీశారు. ఒకటో తరగతి పిల్ల తీసి, కూడబలుక్కుని గట్టిగా చదివింది. "పు... ర... స... భ."

పదింటికి నెలవారీ సమావేశం ఉంది. వాయిదా వెయ్యాలని ఇద్దరు సభ్యులు అన్నారు. చట్టం చేసినవాళ్ళే మొదటి రోజున పారిపోతే ఊరు నవ్వుతుందని హైమావతి గారు ఒప్పుకోలేదు. పదిహేడు తెప్పలూ, కొత్త పలకలు వేసిన రెండింటితో సహా, వచ్చి పురసభ తెప్పకి మూడువైపులా ఆగాయి. ధనకుమారి లోపలికి తొంగిచూసి, మర్యాదగా నమస్కారం పెట్టింది. కంబం తొంభై ఒకటి చూపించింది. నాకేం తేడా తెలియలేదు గానీ, తొమ్మిదిమంది సభ్యులూ రుమాళ్ళు తీయడం చూశాను.

ఎజెండాలో పన్నెండు అంశాలున్నాయి. రాత్రి దీపాల వేళలు, బాతులకి ఈతహద్దు, డప్పు సాధన ఎక్కడ చెయ్యాలి, మేడమీద మేడ కట్టొచ్చా లేదా. మామూలుగా అయితే ఒక్కోదానికి ఒక్కో పూట పడుతుంది. ఈ రోజు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరూ 'నేను ముందే చెప్పాను' అనలేదు. పట్టాభి గారు రుమాలు వెనక నుంచి తల ఊపారు. కల్పవల్లి గారు చెయ్యెత్తింది, దించింది. ఇరవై రెండు నిమిషాల్లో పన్నెండు అంశాలూ తేలిపోయాయి. నా తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు.

చివర్లో హైమావతి గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంకో ప్రతిపాదన చేసింది. ఇకమీదట పురసభ సమావేశాలన్నీ చేపల తెప్పల మధ్యనే జరపాలని. వ్యతిరేకించేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమంది.

ఒక్కరూ నోరు తెరవలేదు.